ఇంజినీరు గారి చెరువు

నేను పనిచేసే ఊళ్ళో ఒక చెరువుంది, దాని పేరు ఇంజినీరు గారి చెరువు. ఆ ఇంజినీరుని నేనే. గోదావరి జిల్లాల్లో ఇంజినీరు అనగానే జనానికి కాటన్ దొర గుర్తొస్తాడు, కాలవ గట్ల మీద ఆయన విగ్రహాలుంటాయి, 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినాయన కదా, ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. నా పేరు మీద మాత్రం 14 మీటర్ల డ్రైను ముక్క, అందులో ఏడాదికి పది నెలలు కదలని మురుగు. ఊళ్ళో కుర్రాళ్ళు పెట్టిన పేరది, నా ముందు కూడా అంటారు, నవ్వుకోవడం తప్ప చేసేదేం లేదు.

ఎలా వచ్చిందో చెప్తా. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు వచ్చిన మొదటి బ్యాచ్ నాది, ఇంజినీరింగ్ అసిస్టెంట్. బీటెక్ సివిల్ చేసి హైదరాబాద్లో ఒక అపార్ట్‌మెంట్ సైట్లో రెండేళ్ళు పనిచేసి సెప్టెంబర్లో పరీక్ష రాసి వచ్చా, ప్రొబేషన్లో జీతం 15 వేలు. కోనసీమలో గౌతమి పాయ పక్కన ఊరు, కొబ్బరి తోటలు, రెండు బోదెలు (చిన్న కాలవలు), ఒక మురుగు కోడు. మొదటి ఏడాది ఒక వీధికి డ్రైన్ ఎస్టిమేట్ వెయ్యమంటే పాత ఎస్టిమేట్ ఫైల్ ఒకటి తీసుకుని పొడవు మార్చి వేసేశా, లెవెల్స్ (నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో ఆ కొలతలు) తియ్యలేదు. తియ్యాలని తెలీక కాదు, ఆ కొలతలు తీసే ఆటో లెవెల్ మండలంలో ఒక్కటే ఉండేది, దాన్ని తెప్పించుకోవడానికి బద్ధకం, పైగా కంటికి రోడ్డు వాలుగానే కనపడింది. డెల్టా నేలలో కంటిని నమ్మకూడదని నాకప్పుడు తెలీదు. డ్రైన్ కట్టాక నీళ్ళు పోసి చూస్తే వెనక్కొచ్చాయి. అదీ నా చెరువు చరిత్ర.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మొన్నామధ్య మా కాలేజీ ఫ్రెండ్ ఒకడు ఫోన్లో, పల్లెటూళ్ళో సివిల్ ఇంజినీరుకి పనేముంటుందిరా, రెండు సీసీ రోడ్లు, నాలుగు ఫోటోలు అంతేగా అన్నాడు. వాడికి సమాధానంగా ఒక్క రోడ్డు కథ చెప్దామనుకున్నా, అది పెద్దదైపోయి ఇలా రాస్తున్నా.

అసలు పాత పద్ధతి ఎలా ఉండేదో పెద్దవాళ్ళు చెప్తారు. ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, జీపులో వచ్చేవారు, కాంట్రాక్టర్ ఇంట్లో కాఫీ తాగేవారు, టేపు పట్టి కొలిచి ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకం) రాసుకుని వెళ్ళిపోయేవారు. ఆయన ఇంజినీరని తెలుసుగానీ ఆయనతో మాట్లాడినవాడు ఊళ్ళో సర్పంచ్ గారు తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు నా కుర్చీ పింఛన్ల కాగితాలు చూసే అమ్మాయి పక్కనే. రేషన్ కార్డు కోసం వచ్చినాయన కూడా పనిలో పనిగా, ఇంజినీరు గారూ మా గోడ బీటిచ్చిందండీ కాస్త చూస్తారా అంటాడు. చూడక తప్పదు.

జగనన్న కాలనీ ఇళ్ళప్పుడైతే మరీను. ఇల్లు 340 చదరపు అడుగులు, యూనిట్ కాస్టు లక్షా 80 వేలు, నా అఫీషియల్ డ్యూటీ స్టేజీ ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యడం, బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబు అలా. కానీ ఆ ఇళ్ళు కట్టుకునేవాళ్ళ వంశంలో ఇంజినీరుని అడిగి ఇల్లు కట్టినవాళ్ళు లేరు, మేస్త్రి ఏం చెప్తే అదే. వాళ్ళు నన్ను ఫోటో తీసేవాడిగా చూడలేదు, ఫ్రీగా దొరికిన ఇంజినీరుగా చూశారు. స్లాబుకి ఎన్ని బస్తాలు పడతాయండీ అని రోజూ అడిగేవారు. నాలుగంగుళాల మందానికి 340 చదరపు అడుగులంటే సుమారు 113 ఘనపుటడుగులు, అంటే 25, 26 బస్తాలు, ఈ లెక్క ఒక కాగితం మీద రాసి గోడకంటించేశా. అన్నిటికంటే ఎక్కువ నోరు నొప్పెట్టిన విషయం బోరు నీళ్ళు. సముద్రం వైపు బోర్లలో ఉప్పు నీళ్ళు, వాటితో కాంక్రీటు కలిపితే లోపల ఊచ తుప్పు పట్టి కొన్నేళ్ళకి స్లాబు పెచ్చులూడుతుంది, ఇనుము ఉన్న కాంక్రీటుకి నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ కోడ్‌లో ఉంది. కోడ్ సంగతి చెప్తే ఎవరు వింటారు. నీళ్ళు నోట్లో వేసుకుని చూడండి, తాగలేకపోతే స్లాబుక్కూడా వద్దు అని చెప్పేవాణ్ణి. నాలుకతో చేసే టెస్టు మోటుదే, తెలుసు, కానీ చాలామంది కాలవ నీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చుకున్నారు.

సరే రోడ్డు దగ్గరికొద్దాం. 2024లో ప్రభుత్వం మారింది, ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకి తీర్మానాలు చేశారు. మా ఊళ్ళో రామాలయం వీధికి సీసీ రోడ్డు కావాలని అడిగారు. 210 మీటర్లు, పాత సీసీ గోతులు పడిపోయి ఉంది. అందరూ సరే అన్నారు, తీర్మానం రాసేస్తున్నారు, ఈలోగా వెనకాల కూర్చున్న ఒక మామ్మగారు లేచారు.

"రోడ్డేస్తారు సరే బాబూ, మరి నీళ్ళెటు పోతాయి?"

సభ నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వే అర్హత నాకు లేదు కాబట్టి. సభయ్యాక ఆవిడ వెనకే వెళ్ళి ఇల్లు చూశా. ఆవిడ కాపురానికొచ్చినప్పుడు మట్టి రోడ్డు, ఇంట్లోకి మూడు మెట్లెక్కి వెళ్ళేవారట. మట్టి మీద గ్రావెల్ పోశారు, ఒక మెట్టు పోయింది. గ్రావెల్ మీద మెటల్, దాని మీద సీసీ, ఇంకో రెండు పోయాయి. ఇప్పుడు రోడ్డు, గుమ్మం ఒకే ఎత్తులో ఉన్నాయి, వానొస్తే గుమ్మానికి గోనెసంచి అడ్డం. ఇప్పుడు నేనెళ్ళి ఇంకో 15 సెంటీమీటర్లు పోస్తే ఆవిడ ఇంట్లోకి దిగి వెళ్ళాలన్నమాట. ప్రతి ఊళ్ళో జరిగేది ఇదే, రోడ్డు వేసిన ప్రతిసారీ ఇళ్ళు అరడుగు పాతుకుపోతాయి, ఎస్టిమేట్లో మాత్రం ఈ నష్టానికి ఐటమ్ ఉండదు.

ఈసారి లెవెల్స్ తీసి తీరాలనుకున్నా. దానికంటే ముందు ఒక పని చేశా, అది నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు. 2022 జులైలో గోదావరి వరదప్పుడు రాత్రంతా ఏటిగట్టు మీద డ్యూటీ, ధవళేశ్వరం దగ్గర 17 లక్షల 75 వేల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక, అప్పుడు 25 లక్షలు దాటింది. ఇసక బస్తాలు వేస్తూ మేమంతా హడలిపోతుంటే ఒక పెద్దాయన మాత్రం ఇది ఎనభయ్యారుకి రాదు లెండి అని తీరిగ్గా అన్నాడు. మీకెలా తెలుసు తాతగారూ అంటే తెల్లారాక ఇంటికి తీసుకెళ్ళి గోడకున్న మేకు చూపించాడు. 86 ఆగస్టులో నీళ్ళు ఎంతవరకొచ్చాయో అక్కడ కొట్టిన మేకు, తర్వాత రెండుసార్లు సున్నాలేసినా పీకనివ్వలేదట. ఆ ఏడాది 35 లక్షల క్యూసెక్కులొచ్చిందని నేను పుస్తకంలో చదివా, ఆయన దగ్గర మేకుంది.

ఆ మేకు గుర్తొచ్చి 2024 సెప్టెంబర్ మొదట్లో, అటు విజయవాడలో బుడమేరు ముంచేసిన ఆ వానల్లో, గొడుగేసుకుని రామాలయం వీధిలో తిరిగా. ప్రతి ఇంటి గోడకి నీళ్ళెంతవరకు నిలిచాయో ఇటుక ముక్కతో గీత గీశా. నేను గీస్తుంటే స్కూలు పిల్లలు నలుగురు తయారయ్యారు, వాన తగ్గేసరికి వీధి మొత్తం గీతలే, కొన్ని నీళ్ళవి, కొన్ని వాళ్ళ పేర్లవి. ఒకాయన గోడ పాడుచేస్తున్నారని తిట్టాడు కూడా. వానయ్యాక ఆటో లెవెల్ తెచ్చి (ఈసారి బద్ధకించలేదు) గీతలన్నీ కొలిస్తే, పడమర రామాలయం దగ్గర్నుంచి తూర్పున కోడు వరకు 210 మీటర్లలో నేల వాలు మొత్తం 11 సెంటీమీటర్లు. అంతే. డ్రైన్‌కి కనీసం 400కి ఒకటి వాలివ్వాలన్నా 52 సెంటీమీటర్లు కావాలి. అంటే మొదట్లో అడుగు లోతుతో మొదలైన డ్రైను చివరకొచ్చేసరికి రెండడుగుల పైన దిగాలి. ఇంకో వింత, మధ్యలో రైస్ మిల్లు దగ్గర గీతలు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నాయి, అంటే నీళ్ళు అక్కడ దేనికో కొట్టుకుని ఆగుతున్నాయి.

మేకు తాతగారినే అడిగా. అక్కడ తూముండేదయ్యా అన్నారు ఆయన, రోడ్డు అడుగునుంచి అవతల బోదెలోకి. ఎవరికీ గుర్తులేదు. తవ్వితే నిజంగానే ఇటుక తూము బయటపడింది, సగం కూలి, నిండా మట్టీ ప్లాస్టిక్ సంచులూ. దాన్ని బాగుచేసి వాడేద్దామని సంబరపడ్డా గానీ కుదర్లేదు, తూము అవతలి మూతి మీద ఇప్పుడు ఒకాయన ప్రహరీ ఉంది.

ఆయన్ని ఒప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే ఈ రోడ్డు మొత్తంలో కష్టమైన ఇంజినీరింగ్ ఇదే. మొదటిరోజు అసలు మాట్లాడలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు మా తాత స్థలం అన్నారు. మూడోసారి సర్వేయర్ని తీసుకెళ్దామని పంచాయతీ వాళ్ళంటే వద్దన్నా, కొలతలు మొదలైతే కోర్టుకి పోతుంది, నీళ్ళు ఇక్కడే ఉంటాయి. బదులుగా ఆయనింటి గోడ మీద పిల్లలు గీసిన గీత చూపించా. నీళ్ళు ఆగడం వల్ల తడిసేది ఆయన పునాది కూడా, గోడ అడుగున ఉప్పు పొంగి సున్నం రాలుతోంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు కానీ కారణం నేల చెమ్మ అనుకుంటున్నారు. చివరికి ఒక షరతు పెట్టారు, వాకిట్లోంచి పైపు వేసుకోండి గానీ నా ట్రాక్టర్ ఎక్కినా పగలకూడదు, పగిలితే నువ్వే వచ్చి వెయ్యాలి అన్నారు. 450 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (సిమెంటు పైపు), బరువు తట్టుకునే ఎన్‌పీ3 రకం, చుట్టూ కాంక్రీటు. ట్రాక్టర్ లోడుతో ఆయనే ఎక్కించి చూసుకున్నారు, అది కూడా మూడుసార్లు.

ఇక డబ్బు సంగతి. ఆ విడతలో మా ఊరికి వచ్చింది రోడ్డుకే, డ్రైన్‌కి విడిగా లేదు. అప్పట్లో 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, డ్రైన్ అందులోకొస్తుంది కాబట్టి పంచాయతీ తీర్మానం పెట్టించాం. పాత సీసీ పగలగొట్టి తియ్యడం రోడ్డు ఎస్టిమేట్లో లేదు, పని చేసేవాళ్ళు పాతదాని మీదే పోసేద్దామన్నారు, వాళ్ళకది లాభం, ఒక రోజు పని. నేను గీతల ఫోటోలు, మామ్మగారి గుమ్మం ఫోటో పట్టుకుని పై ఆఫీసుకి రెండుసార్లు తిరిగా. పగలగొట్టిన ముక్కల్ని సైజు చేసి అడుగున పరిస్తే గ్రావెల్ ఖర్చు తగ్గుతుంది, తేడా పెద్దగా రాదు అని లెక్క చూపిస్తే ఎస్టిమేట్ రివైజ్ చేశారు. పై ఇంజినీర్లు మంచివాళ్ళు, కాకపోతే వాళ్ళ చేతి కింద ఎన్నో ఊళ్ళు, గుమ్మం చూడ్డానికి టైముండదు.

అక్టోబర్ 14న ప్రభుత్వం ఈ పనులకి పెట్టిన పల్లె పండుగ కార్యక్రమం మొదలైంది, రాష్ట్రం మొత్తం మీద 30 వేల పనులు, 4,500 కోట్లు, సంక్రాంతికల్లా పూర్తవ్వాలని. మాకు కొబ్బరికాయ ఆ వారంలోనే కొట్టారు, ముందు డ్రైన్ కట్టి డిసెంబర్లో రోడ్డు పోశాం. ఎం20 కాంక్రీటు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, పైభాగం పాత రోడ్డు కంటే 5 సెంటీమీటర్లు కిందకే ఉండేలా.

పోసే రోజు జరిగింది చెప్తా. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) దగ్గర కుర్రాడు బక్కెట్లతో నీళ్ళు పోసేస్తున్నాడు, పల్చగా ఉంటే లాగడం సులువు కదా. నేను అరిస్తే రెండు లోడ్లు సరిగ్గా కలిపి మూడోదానికి మళ్ళీ అంతే. ఈలోగా నా ఫోన్ మోగింది, వాట్సాప్ కాల్, కువైట్ నుంచి. మామ్మగారి కూతురు అక్కడ ఇంటిపనిలో ఉంటుంది, మా వైపు నుంచి చాలామంది ఆడవాళ్ళు అలా వెళ్తారు, ఆ ఇంటికి వేసిన స్లాబు ఆవిడ పంపిన డబ్బే. పక్కింటి కుర్రాడు పనంతా వీడియో తీసి వీధి గ్రూపులో పెడుతున్నాడట.

"అన్నయ్యా, కాంక్రీటు మజ్జిగలా ఉందేంటండీ?" అంది.

నేను స్పీకర్ పెట్టా. మిల్లర్ దగ్గర అందరూ విన్నారు. ఆ తర్వాత సాయంత్రం వరకు నీళ్ళు కొలిచే పోశారు. నేను కాంక్రీటు ఎంత పల్చగా ఉందో చూసే స్లంప్ కోన్ పట్టుకెళ్ళా, బలం టెస్టు చెయ్యడానికి క్యూబులు కూడా తీశా, అవి ఎవర్నీ భయపెట్టలేదు, వేల కిలోమీటర్ల అవతల ఉన్నావిడ ఒక్క మాట భయపెట్టింది. పూర్వం ఎం బుక్కు ఎవరికీ కనపడేది కాదు, ఇప్పుడు వీధి మొత్తం తలా ఒక ఎం బుక్కు రాస్తోంది. ఇది మంచిదే గానీ ఇబ్బంది కూడా ఉంది, హైదరాబాద్లో సాఫ్ట్‌వేర్ చేసే ఒక తమ్ముడు రోజూ రాత్రి పదింటికి మెసేజ్ పెట్టేవాడు, జాయింట్లు ఎందుకు కోశారు, రోడ్డు పగలగొట్టేస్తున్నారా అని. కోయకపోతే ఎండకి అదే ఇష్టమొచ్చినచోట పగులుతుంది తమ్ముడూ అని మూడుసార్లు చెప్పా.

క్యూరింగ్, అంటే కొత్త కాంక్రీటు ఎండిపోకుండా తడిగా ఉంచడం, మాత్రం ఊరే చూసుకుంది. మట్టితో మడులు కట్టి నీళ్ళు నింపాం, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పొద్దున్నా సాయంత్రం చూసుకునేవారు, మామ్మగారైతే పక్కింటి మడి ఎండితే వాళ్ళని తిట్టేవారు.

ఆఖరి గండం భోగి. సంక్రాంతి ముందు రోజు తెల్లవారుజామున వీధి మధ్యలో మంట వెయ్యడం ఆనవాయితీ, కొత్త సీసీ మీద దుంగలేసి మంట పెడితే పైపొర పేలి ఊడిపోతుంది. కుర్రాళ్ళని బతిమాలా. గుడి ముందు ఖాళీ స్థలంలో ఇసక పోయించి అక్కడ వేసుకోమన్నా, ఒప్పుకున్నారు. తెల్లవారి వెళ్ళి చూస్తే పెద్ద మంట అక్కడే ఉంది, కానీ వీధి చివర చిన్నపిల్లలు వేరే మంట వేసుకున్నారు, రోడ్డు మీదే. బల్లంత మేర నల్లటి మచ్చ పడింది, పైన రెండు మిల్లీమీటర్లు పెచ్చు లేచింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి సచివాలయంలోనే ఉన్నా, పునరావాసం, కొబ్బరి చెట్లు పడటం, కరెంటు పోవడం, ఆ గోల వేరు. తెల్లవారి ఐదున్నరకి టార్చి పట్టుకుని రామాలయం వీధికెళ్ళా. వర్షం ఇంకా పడుతోంది. డ్రైన్ అంచులదాకా నిండి పారుతోంది, పైపు మూతి దగ్గర కొబ్బరి మట్ట అడ్డం పడితే తీసేశా. కోడు పొంగినప్పుడు ఒక రెండు గంటలు నీళ్ళు వెనక్కి తన్నాయట, అది నా చేతిలో లేదు, కోడు నిండితే ఏ డ్రైనూ పారదు. మామ్మగారి గోడ మీద పాత గీతకి జానెడు కింద తడి ఆగింది. గోనెసంచి గుమ్మం దగ్గరే ఉంది, అలవాటు కొద్దీ వేసుకున్నారు, పైన పొడిగా ఉంది.

"ఫోన్ చేసి చెప్తానుండు దానికి" అని ఆవిడ కూతురికి కాల్ కలపమన్నారు. సిగ్నల్ లేదు.

తిరిగొస్తుంటే నా చెరువు దగ్గర నీళ్ళు మోకాలి లోతు. ఒక కుర్రాడు కాగితప్పడవ వదులుతున్నాడు. పక్క గోడకి ఇటుక ముక్కతో నేనే ఒక గీత గీసి, దాని పక్కన తేదీ రాసి వచ్చా. దానికి ఎస్టిమేట్ తయారవుతోంది, ఈసారి లెవెల్స్‌తో.